చింతగింజల రొట్టె, నేయని గొంగడి

మొన్న వనపర్తిలో ఒక పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర ఒక మూల చిన్న పాక వేసి, అందులో మట్టిపొయ్యి పెట్టి, పొయ్యి ముందు ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి జొన్నరొట్టెలు చేయిస్తున్నారు. ఆమె వెనక నల్ల గొంగడి ఒకటి మేకులు కొట్టి వేలాడదీశారు. దాని ముందు పడుచు పిల్లలు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అందులో ఒకడు నా దగ్గరికి వచ్చి, "తాతా, మీ కాలం తిండే తిండి. అందుకే ఇంకా గట్టిగున్నవ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చేతిలో ఉన్న పళ్లెం వాడి మొహాన విసిరికొట్టి బయటికి వచ్చేశాను.

విసిరికొట్టలేదు లెండి. కింద పెట్టి వచ్చాను. అందులో ఉన్న లడ్డు తిన్న తర్వాతే పెట్టాను. కానీ కోపం మాత్రం అబద్ధం కాదు. ఆ రొట్టెలో ఏముండేదో, ఆ గొంగడికి ఏం కావలసి వచ్చేదో వాడికి చెబుదామని వెనక్కి తిరిగితే వాడు ఐస్‌క్రీం దగ్గర ఉన్నాడు. వినేవాడు లేకపోతే రాసుకోవాలి కదా. రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. మా ఇల్లు ఖిల్లా ఘణపూర్ పక్కన, చేను ఖిల్లా గుట్ట కింద. ఇంట్లో అమ్మ, నాయిన, నేను, కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య. ఆమెది ఇటిక్యాల, కృష్ణ తుంగభద్రల నడుమ నడిగడ్డ పిల్ల. మాటల్లో కన్నడం తొంగిచూసేది. "చాలు" అనవలసిన చోట "సాకు" అనేది. అది విన్నప్పుడల్లా అమ్మ మూతి తిప్పేది.

మాకు గొర్రెలు వంద ఉండేవి. వంద అని చాలామందికి చెప్పాను కాబట్టి ఇక్కడ కూడా చెప్పాను. నిజానికి పిడికెడు గొర్రెలు, అందులో రెండు కుంటివి. అయినా వాటి బొచ్చు నల్లగా, నిగనిగలాడుతూ ఉండేది. కత్తిరించిన బొచ్చును అమ్మ వాగులో కడిగి, ఎండబెట్టి, ముళ్లు ఏరి, ఎదురింటి దూదేకులాయన చేత ఏకించి, ఎండాకాలమంతా అరుగు మీద కూర్చుని రాట్నం మీద వడికింది. నాయిన గొంగడి జల్లెడైపోయింది. వానాకాలమంతా ఆయన చేని కాడ మంచె మీదే ఉండి అడవిపందులను తోలాలి. ముందటి ఏడు తడిసి తడిసి, దగ్గుతో ఊపిరి అందక మంచానపడి లేచాడు. అందుకని మృగశిర కార్తె వానలు రాకముందే కొత్త గొంగడి కావాలని అమ్మ పంతం. వడికిన దారాన్ని ఉండలు చుట్టి, సంచిలో వేసి దూలానికి కట్టేది. ఒక్కో ఉండను చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూసేది. ఏం వినబడేదో ఆమెకే తెలియాలి.

గొంగడికి ఉన్ని ఒక్కటే చాలదు. మగ్గం మీద నిలువుగా సాగే దారాలకు, అంటే పడుగుకు, చింతగింజల గంజి పట్టించాలి. ఆ గంజి పడితేనే దారం తెగకుండా నిలుస్తుంది, నేసిన గొంగడి వాన నీటిని లోపలికి పీల్చకుండా జారవిడుస్తుంది. నేసేది కురుమ పెద్దమనిషే అయినా, గింజలు మాత్రం గొంగడి కావలసిన ఇంటివాళ్లు ఇవ్వాలి. మా వైపు పద్ధతి అది. ఆ ఎండాకాలం చింతపండు కొట్టినప్పుడు రాలిన గింజలన్నీ అమ్మ ఒక గంపలో పోసి, ధాన్యం గుమ్మి వెనక పెట్టి, మీద గోనె కప్పింది.

ఇక జొన్నల సంగతి. ముందటి ఏడు పంట అంతంతమాత్రం. అందులోంచి సర్కారుకు ఇయ్యవలసిన లెవీ అని కొలిచి బండ్లకెత్తుకుపోయారు. కొలిచినవాడు మా అరుగు మీదే కూర్చుని మా మజ్జిగే తాగాడు. ఆ గ్లాసు నేను తర్వాత వాడలేదు. మిగిలింది గుమ్మిలో పోసుకున్నాం. ఉగాదికి అమ్మ, తనకు వడకడానికి తీరిక కావాలని, గుమ్మిలో చేయి పెట్టే పెత్తనం కోడలికి అప్పగించింది. "కొత్త పంట దాక రావాలె, చూసి తియ్యి" అని ఒక్క మాట చెప్పి మళ్లీ ఆ దిక్కు చూడలేదు.

పెత్తనం ఇచ్చింది కానీ నోరు కట్టుకోలేదు. నా భార్య చేసిన రొట్టె అంచులు పగిలేవి. జొన్నపిండికి జిగురుండదు, నీళ్లు, వేడి, చేయి మూడూ కుదరాలి. అమ్మ రొట్టెను వెలుతురుకు పట్టి చూసేది.

"మీ నడిగడ్డల గిట్లనే చేస్తరా? ఎండిపోయిన చెర్వు లెక్కనే ఉన్నది అంచు."

"సాకు అత్తా. రేపు మంచిగ చేస్త."

"రోజు రేపేనాయె."

ఇట్లా ఉండగా ఒకరోజు రొట్టె పగలలేదు. అంచు గుండ్రంగా, కాసుపేరులో కాసులా వచ్చింది. అమ్మ దాన్ని మడిచి చూసింది. విరగలేదు. "ఇగ వచ్చింది చెయ్యి" అంది. ఆ మాట పెళ్లయిన తర్వాత నా భార్యకు మా ఇంట్లో దొరికిన మొదటి మెచ్చుకోలు. అమ్మ దాన్ని వాడంతా చెప్పుకుంది కూడా. నేను ఆ పూట పది రొట్టెలు తిన్నాను. పది కాదు, నాలుగు. నాలుగోది అమ్మ విస్తరిలోంచి తుంచుకున్నది.

ఆ రోజుల్లో ఇంకో సంగతి జరిగింది, చెప్పకుండా ఉండలేను. పొద్దున చెంబు పట్టుకుని తుమ్మచెట్ల చాటుకు పోయిన మగవాళ్లు తొందరగా తిరిగి రావడం మానేశారు. ఒకరినొకరు పలకరించుకునేంత తీరిక దొరికింది అందరికీ. "ఏందిరా, కడుపు రాయి లెక్కనే అయింది" అని ఒకడంటే, "నాకు కూడ" అని పక్క చెట్టు జవాబు. నీళ్లు మారాయన్నారు, ఎండ అన్నారు. మధ్యాహ్నం వాడలో ఎక్కడినుంచో వేయించిన చింతగింజల వాసన వచ్చేది. "ఎవరింట్లనో పిల్లలకు గింజలు వేంచుతున్నరు" అనేది అమ్మ, రాట్నం ఆపకుండా.

మృగశిర దగ్గరపడ్డది. కురుమ పెద్దమనిషి వచ్చి, పడుగు సాగదీయడానికి మా ఇంటి ముందు గుంజలు పాతాడు. "అక్కా, గింజలు తీస్కరా, నానబెడ్దం" అన్నాడు. అమ్మ లోపలికి పోయింది. గోనె తీసింది. గంప అడుగున దోసెడు గింజలు కూడా లేవు.

"ఏవే నా గింజలు?"

నా భార్య పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. చేతులకు పిండి ఉంది. "రొట్టెల్ల కలిపిన అత్తా. వేంచి, పొట్టు తీసి, ఇసిరి కలిపిన."

"ఎవర్ని అడిగి?"

"గుమ్మి అడుగు కనబడ్డది. నీకు చెప్తే నువ్వు తినుడు బందు వెడ్తవని చెప్పలే."

"నా తిండి నువ్వు చూస్తవా? మీ మామ వానల తడిసి దగ్గుకుంట సస్తే, ఆ రొట్టె కప్పుతవా మీద?"

కురుమాయన, వాడ ఆడవాళ్లు, గుంజల దగ్గర ఆడుకుంటున్న మేకపిల్లలు, అందరూ ఆగి చూస్తున్నారు. అమ్మ గొంతు ఇంకా లేచింది. "గింజలు తెచ్చేదాక పొయ్యి కాడికి రావొద్దు. లేకుంటే మీ అన్నకు కబురు పంపుత, వచ్చి తోల్కపోతడు."

కోడలిని పొయ్యి దగ్గరి నుంచి లేపడమంటే తెలియని వాళ్లకు చెబుతున్నాను: అది కొట్టడం కంటే ఎక్కువ. ఉన్న ఇంట్లోనే చుట్టపుదాన్ని చేయడం. తర్వాతి అడుగు ఇటిక్యాల బండి ఎక్కడమే. అక్కడ తల్లి లేదు, వదిన చేతి కింద బతకాలి. నా భార్య చేతుల పిండి కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుంది.

నేను మధ్యలోకి దూకాను. "అమ్మా, పిల్ల మన కడుపు నింపింది, దాన్ని అంటవా?" అని గర్జించాను. వాడ దద్దరిల్లింది. వాడ దద్దరిల్లలేదు. నేను గర్జించింది కొట్టంలో, ఎద్దు ముందర. ఎద్దు నెమరు కూడా ఆపలేదు. ఈ గర్జన సంగతి నా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను; నా భార్య పక్కనే ఉండి, "ఎద్దు మంచిగ విన్నది" అనేది.

కురుమాయన గుంజలు పీక్కుని పోయాడు. ఆ పూట రొట్టెలు అమ్మే చేసింది. పిండి కోసం గుమ్మిలో చేయి పెట్టింది. మోచేయి దాకా పోయింది, భుజం దాకా పోయింది, ఆఖరికి తల కూడా గుమ్మిలోకి వంచింది. చాలాసేపు తల బయటికి తీయలేదు. తీసినప్పుడు కొంగుతో మొహం తుడుచుకుని, దుమ్ము అంది. ఉన్న జొన్నలు విసిరి, తలా ఒక రొట్టె చేసింది. తనకు చేసుకోలేదు.

నాయినకు జరిగిన గొడవ తెలియదు. చేని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చుని, రొట్టెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇయ్యాల అంచు పలిగిందేంది? పిల్ల చేస్తలేదా?"

అమ్మ నిప్పులు ఎగదోసింది. నాకు ఆ క్షణంలో ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, నవ్వు కూడా వచ్చింది. రెండూ మింగి రొట్టె తిన్నాను.

మర్నాడు అమ్మ గింజలు బదులు తేవడానికి వాడలోకి బయల్దేరింది. గంప నా నెత్తిన పెట్టింది. లింగాల అడవి దిక్కు చింతచెట్లు విస్తారం, నడిచిపోయి తెస్తానని నేను అన్నాను. అన్నాను అంతే, అమ్మ ఆపుతుందని తెలిసే అన్నాను.

మొదటి ఇంటామె, "గింజలా? ఎల్కలు కొట్టినయి వదినె" అంది. పక్కింటామె కూడా ఎలుకలే అంది. ఆ పక్కింటామె కూడా. నాలుగో గడప దిగేసరికి అమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊరంత ఎల్కలేనా? పిల్లులన్ని యుద్ధానికి వోయినయా?" అని నడివీధిలో నిలబడి అరిచింది.

అప్పుడు ఎదురింటి దూదేకులాయన భార్య గడపలోకి వచ్చింది. పొయ్యిబూడిద చేతులు దులుపుకుంటూ, "అరవకు అక్కా" అంది. "ఎల్కలేంది? మేమే ఎల్కలం. తిన్నం. పిండి సాలక ఇంటింట్ల గింజలే ఇసుర్తున్నరు. సిగ్గుకు చెప్తలేరు. నీ ఇంట్ల గుడ గదే కద, నాకు ఇసుర్రాయి సప్పుడు ఇనబడ్తలేదా? నీ కోడలు నీకు తెల్వకుంట ఇసురుతుంటే నేనే వాకిట్ల నిలబడి, నువ్వు వస్తున్నవేమో అని చూసేదాన్ని."

అమ్మ వెనక్కి తిరిగింది. గంప నా నెత్తి మీదే ఉంది, ఖాళీది. ఇంటి దాకా ఆమె ముందు, నేను వెనక. దారిలో ఒక్కసారి మాత్రం ఆగి, లెవీ కొలిచినవాణ్ణి, వాణ్ణి కన్నవాళ్లను, వాడు ఎక్కిన బండిని, బండికి కట్టిన ఎద్దులను ఇక్కడ రాయరాని మాటలు తిట్టింది. ఎద్దుల పాపమేముందో నాకు తెలియదు. కానీ తిట్టవలసినవాళ్లు అందుబాటులో లేనప్పుడు ఎవరికి తగులుతుందో చూశాను. ముందురోజు మా అరుగు మీద చూశాను.

నా భార్య ఇంకా అరుగు మీదే ఉంది. అమ్మ ఆమెను దాటి లోపలికి పోయి, దూలానికి కట్టిన సంచి దింపింది. ఉండలన్నీ తడిమి, బాగా సన్నగా, గట్టిగా వడికిన ఉండను ఏరింది. నాయిన పాత గొంగడి, దబ్బనం తెచ్చింది. ఉండను తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది. గొంగడి ఈ ఏడు నేసేది లేదని, ఆ దారం చిల్లులకే పోతుందని ఆ పడేయడంతోనే తెలిసిపోయింది. ఎండాకాలమంతా వడికిన దారాన్ని తన చేత్తోనే తెంపి, దబ్బనానికి ఎక్కించి ఇచ్చింది.

"నీ దిక్కు నువ్వు కుట్టు."

ఇద్దరూ గొంగడి రెండు కొసలు పట్టుకుని కూర్చున్నారు. చిల్లు మీద దారం అడ్డంగా, నిలువుగా అల్లి మూస్తూ, ఒకరు ఇటు నుంచి, ఒకరు అటు నుంచి. ఇద్దరి చేతులూ నడిమికి చేరాక అమ్మ తల ఎత్తకుండా అంది:

"పొయ్యి ఆరిపోతున్నది. ఊదేటోళ్లు లేరా ఇంట్ల?"

నా భార్య లేచి లోపలికి పోయింది.

తప్పయిందని అమ్మ అనలేదు. ఆ రోజే కాదు, బతికినన్నాళ్లూ అనలేదు. అరిచినప్పుడు వాడంతా విన్నది. ఉండ పడేసినప్పుడు నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. నా భార్యకు లేదు. అది కూడా నాకు కోపమే.

రెండు రోజుల్లో వాన పడ్డది. నాయిన చేని నుంచి నీళ్లు కారుతూ వచ్చాడు. వెలిసిపోయిన గొంగడి మీద నల్లనల్లని మాసికలు.

"కొత్త దారం ఉన్న కాడ చుక్క దిగలే" అన్నాడు.

"అబద్ధాలు చెప్పకు. గంజి లేని దారం, దిగకుంట ఎట్లుంటది?" అంది అమ్మ. "ఓ పిల్లా, మీ మామకు తువ్వాల ఇయ్యి. రొట్టె తే."

నా భార్య రొట్టె తెచ్చింది. గుమ్మి అడుగు ఊడ్చి తీసిన జొన్నలతో చేసినది, గింజలు కలపనిది. అంచు ఒక పక్క బాగా పగిలి ఉంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. పగిలిన పక్క తుంచి తన నోట్లో వేసుకుని, మంచి పక్క నాయినకు ఇచ్చింది.