అడిగి ఆగే టీచరు

బేతంచెర్ల స్టేషన్ ఎదుట టీకొట్టు బెంచీ మీద రైలు కోసం ఎదురుచూస్తున్నాను. పక్కన చేతులకు బండల పొడి అంటిన ఒకావిడ కూర్చుంది. కొట్లోని టీవీలో, సర్కారు ఛానల్లో చిన్నపిల్లల పాఠం వస్తోంది. "బుట్టలో ఎన్ని మామిడిపండ్లున్నాయి?" అని టీచరు అడిగి, జవాబు కోసం ఆగింది.

"నాలుగు," అంది ఆవిడ పైకే.

నేను తిరిగి చూసేసరికి సిగ్గుపడింది.

"నేను బండల పాలిషింగుకు పోతే మా పాప ఈ యమ్మ ముందరే కూచుంటాండె సార్. పగిలిన బండముక్క మీద సుద్దతో అచ్చరాలు దిద్దుతాండె. నేనొచ్చినాక నాకూ నేర్పిస్తాండె. ఇప్పుడు కడపలో హాస్టల్లో చదువుకుంటాండాది."

"మరి ఇంట్లో ఎవరున్నారమ్మా?"

"ఎవురూ లేరు సార్. అయినా పొద్దున్నే టీవీ పెడతా. ఆ యమ్మ అడిగి కాసుకోనుంటాది గదా, పలక్కపోతే ఎట్లా?"

రైలొచ్చింది. ఆవిడ ఆడవాళ్ళ పెట్టె వైపు వెళ్ళిపోయింది.

నా ఇంట్లో మరో మనిషి గొంతు వినపడక మూడేళ్ళయింది. ఈమధ్య నేనూ పొద్దున్నే ఆ ఛానల్ పెడుతున్నాను. మొదటిరోజు టీచరు అడిగి ఆగితే టీవీ కట్టేశాను. నిన్న కొమ్మ మీద ఎన్ని పిట్టలని అడిగింది.

"ఆరు," అన్నాను.

"శభాష్," అంది.