రెండు చెంచాల రక్తం

ఆడపిల్ల పుట్టింది! మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం! చదివే మీ అందరికీ చెబుతున్నాను గానీ, ఈ మాట మొట్టమొదట వినాల్సిన మనిషి తొమ్మిది రోజుల కిందట పోయింది. మా కోఆర్డినేటరమ్మ. డ్రైవరు రాలేదని రక్తం గొట్టాల ఐసుపెట్టె తనే తీసుకుని స్కూటరు మీద బయలుదేరిందట. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీ గుద్దేసింది. ఆ పక్కనే మా అక్కకు టీ అంగడి. ఆమే ఫోన్ చేసింది.

“రోడ్డంతా రక్తమేరా. ఆ పెట్టెను మాత్రం ఎదకు పట్టుకోని ఉంది.”

పాముకాటు మీద హోసూరు, కృష్ణగిరి, బెంగళూరు ఆస్పత్రులు కలిసి చేసే పరిశోధనకు ఆమె కోఆర్డినేటరు. వైద్యం డాక్టర్లది, పరీక్ష ల్యాబు వాళ్ళది. అందరి కాగితాలూ, సంతకాలూ, ఐసుపెట్టెలూ వేళకు చేరేటట్టు చూసేది ఆమె. నాకు మాత్రం, నేను ఆమె తల పగలగొట్టిన రోజున పరిచయమైంది.

నాలుగేళ్ళ కిందట గులాబీ తోటలో కూలికి పోయిన మా అమ్మాయిని రక్తపింజర కరిచింది. ఆస్పత్రికి చేరేసరికి కాలు తొడ దాకా ఉబ్బి నల్లబడింది. చిగుళ్ళలోంచి రక్తం కారి దిండు తడిసిపోయింది. నేను మందులు తెచ్చి లోపలికి వస్తే, ఒక నర్సు ఆ బిడ్డ చేతిలోంచి గొట్టాల్లోకి ఇంకా రక్తం తీస్తోంది.

“కారిపోయేది చాలదని మీరూ పీలుస్తారా? యాడ అమ్ముకుంటారే దీన్ని?”

సెలైన్ స్టాండు ఎత్తి ఐసుపెట్టె మీద కొట్టాను. గొట్టాలు పగిలి చెల్లాచెదరయ్యాయి. రెండో దెబ్బ నర్సు మీదికి ఎత్తాను. మధ్యలోకి ఒకామె దూరింది. ఇనుము ఆమె నుదుటికి తగిలిన అదురు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. రక్తం కారి ఆమె కన్ను ఒకటి మూసుకుపోయింది. నేల మీద ఏ రక్తం ఎవరిదో తెలియలేదు.

పోలీసులు వచ్చి చొక్కా పట్టుకుని నా చెంపలు వాయిస్తుంటే, నుదుటికి గుడ్డ అదుముకుంటూ ఆమే అడ్డం వచ్చింది.

“వదలండప్పా. ఏం తీసేదో, ఎందుకు తీసేదో ఈయనకెవురూ చెప్పలేదు. తప్పు మాది.”

పరిశోధనకు రక్తం తీసుకోవచ్చని సంతకం పెట్టింది మా ఆవిడ. ఆ కాగితం ఇంగ్లీషులోనూ తమిళంలోనూ ఉంది. మేము తమిళనాడులో ఉండే తెలుగువాళ్ళం, తమిళం మాట్లాడతాం, చదవలేం. అది ఏ ఆస్పత్రికీ తట్టలేదు.

ఇక తెలుగు కాగితం కోసం ఆమె పట్టిన పట్టు! ఒక ఆస్పత్రి కమిటీ ఒప్పుకుంటే ఇంకొకటి ఒక్క మాట మార్చమని తిప్పి పంపేది. మారిస్తే మొదటివాళ్ళు మళ్ళీ సంతకం పెట్టాలి. అలా ఐదుసార్లు తిరిగింది. ప్రతిసారీ మా ఇంటికొచ్చి నాకు చదివి వినిపించేది.

“మేడమ్మా, నేను చదివింది ఐదో క్లాసు. నన్నెందుకు అడిగేది?”

“నీకర్థమైతే జిల్లాకంతా అర్థమవుతాది. లేకుంటే మళ్ళా స్టాండు ఎత్తుతావు గదప్పా!”

నవ్వితే నుదుటి మచ్చ ముడుచుకునేది. నేను తల దించుకునేవాణ్ణి.

అందులో ‘పది మిల్లీలీటర్లు’ అన్నచోట నేను ఆగిపోయాను. ఎంతని తెలుస్తుంది? మా ఆవిడ వంటింట్లోంచి చెంచా తెచ్చింది. సిరంజితో నీళ్ళు కొలిచి పోసి చూస్తే రెండు చెంచాలు. అంతేనా! దానికా నేను మనిషిని కొట్టింది? కోఆర్డినేటరమ్మ ఆ చెంచాను అడిగి తీసుకుని సంచిలో వేసుకుంది. ఆ వారమే మూడు ఆస్పత్రుల నర్సులకూ ఒకటే మాట పోయింది: ముందు చెంచా చూపించండి, తర్వాతే సూది.

విషానికి మా అమ్మాయి కిడ్నీలు దెబ్బతిన్నాయి, బిడ్డలు కష్టమన్నారు. కృష్ణగిరి చీటీ బెంగళూరులో చెల్లదంటే, అన్నీ కలిపి ఒకే ఫైలు కట్టించి, ఫోనులో పోట్లాడి, మూడు నెలలకోసారి పెద్ద డాక్టరుకు చూపించింది. నా చేత దెబ్బ తిన్న మనిషి!

ఈ పొద్దున కాన్పు తర్వాత అమ్మాయికి రక్తం తీయడానికి కొత్త నర్సు వచ్చింది. నా ముఖం చూసి ట్రేలోంచి చెంచా ఎత్తింది.

“భయపడొద్దు తాతా. తీసేది దీంతో ఒక్కటే.”

“ఎవురు నేర్పించినారమ్మా?”

“ఈడంతా ఇట్లే చేస్తారు.”

ఇక కబురు పోవాల్సినవాళ్ళు. రాయకోటలో వియ్యంకుడు, వియ్యపురాలు. కృష్ణగిరి మామిడి మండీలో మా తమ్ముడు. జూజువాడిలో అక్క, మొన్న ఏడ్చిన ఫోనులోనే ఈసారి నవ్వాలి. హోసూరులో కోఆర్డినేటరమ్మ వాళ్ళమ్మ. ఆమెకు ఫోను చేయను. నేనే పోతాను.