రేపటికి వదిలిన నట్టు

కండక్టరుకు ఇంజను గురించి తెలిసిన సంగతి ఒక్కటే, అది బస్సుకు ముందు వైపు ఉంటుందని. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో అతను డ్రైవరు సీటులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. వెనక తలుపు పక్కన ఒంటి సీటు, మెడలో విజిలు, చంకలో టికెట్ల సంచి, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "జరగండి, ఇంకా జరగండి!" ఆ మాట ఎంత అలవాటైందంటే, వంటగదిలో భార్య అడ్డం వచ్చినా అదే అనేవాడు, ఆవిడ గరిటె చూపించేది. రిటైరైన రోజున సంచి, టికెట్లు, టోపీ అన్నీ లెక్కగా అప్పగించి, విజిలు మాత్రం గుట్టు చప్పుడు కాకుండా జేబులో వేసుకుని వచ్చేశాడు. అప్పటి నుంచి తెలిసినవాళ్ళందరికీ అతను 'విజిలు' అయ్యాడు.

ఇంజను సంగతి చూసుకోవడానికి డ్రైవరు ఉండేవాడు. ఇద్దరూ ఒకే చిన్న బస్సు మీద పంతొమ్మిదేళ్ళు తిరిగారు. ఆ బస్సును తుక్కు కింద వేలం వేస్తున్నారని తెలిసి, ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పాడుకుని వచ్చారు. ఇద్దరి భార్యలూ ముక్కున వేలేసుకున్నారు. నేల తుప్పు పట్టి అడుగు వేస్తే కాలు కిందికి దిగిపోయే బస్సు అది. దాన్ని డ్రైవరు తమ్ముడి షెడ్డుకు లాక్కొచ్చి పెట్టారు. లోపల సరిగ్గా మధ్యలో డ్రైవరు సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు.

"ముందు సగం నాది, వెనక సగం నీది. గీత దాటావంటే కాళ్ళు విరగ్గొడతా," అన్నాడు.

"నీ నూనె చేతులతో నా సీట్లు ముట్టుకుంటే నేనూ ఊరుకోను గురూ," అన్నాడు కండక్టరు.

ఇంకో ఒప్పందం కూడా చేసుకున్నారు. బస్సు తన కాళ్ళ మీద తాను షెడ్డు దాటే రోజు వరకూ ఇద్దరూ తమ తమ సీట్లలో కూర్చోకూడదు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే, కానీ పంతాలు మాత్రం పదేళ్ళ పిల్లలవి.

డ్రైవరుకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. సాయంత్రం పని ఆపేటప్పుడు చివరి నట్టును స్పానరుతో బిగించేవాడు కాదు. వేలితో తిప్పి వదిలేసేవాడు. పొద్దున్నే వచ్చి, ముందు దాన్ని బిగించాకే మిగతా పని. ఎందుకలా అని అడిగితే, "పూర్తయిన పని పొమ్మంటుంది, మిగిలిన పని రమ్మంటుంది. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు," అనేవాడు.

"ఏ నట్టు వదిలావో నాకు కూడా చెప్పి ఏడవచ్చు కదా!"

"నేను మర్చిపోను. నీకెందుకు?"

నాలుగేళ్ళు పట్టింది. కండక్టరు నేలకు కొత్త రేకులు వేయించాడు, సీట్లు విప్పి కుట్టించాడు, తుప్పు గీకి గీకి వేళ్ళ మీద చర్మం పోగొట్టుకున్నాడు. డ్రైవరు ఇంజను దించి, విడదీసి, కడిగి, మళ్ళీ ఎక్కించాడు. ఇంకో వారంలో బండి బయటికి తీద్దామనుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కండక్టరు, భార్యను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని తొందరగా వెళ్ళిపోయాడు. డ్రైవరు సాయంత్రం దాకా ఒంటరిగా పనిచేసుకున్నాడు. మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. పళ్ళు తోముకుంటూ కూలబడ్డాడట. గుండె.

కండక్టరుకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వారంలో తీయాల్సిన బండిని వదిలేసి, చెప్పాపెట్టకుండా పోవడమేమిటి? పంతొమ్మిదేళ్ళు విజిలు వినకుండా బండి కదిలించని మనిషి, తనకు మాటైనా చెప్పకుండా ఎలా వెళ్ళాడు? ఆ కోపంతో అతను మూడు నెలలు షెడ్డు వైపు తొంగిచూడలేదు.

డ్రైవరు తమ్ముడే ఇంటికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, నసుగుతూ చెప్పాడు.

"అన్నా, షెడ్డు నాకు కావాలి. పైపులు దింపుకోవాలి. వచ్చే నెల మొదటి శనివారం బండి లాక్కెళ్ళడానికి తుక్కువాళ్ళు వస్తారు. అన్నయ్యే లేనప్పుడు ఇంకా దాన్నేం చేసుకుంటాం చెప్పు?"

"నడుపుకుంటాం."

"ఎవరు నడుపుతారు? నువ్వా?" అంటూ అతను నవ్వాడు. ఎగతాళిగా కాదు, జాలిగానే నవ్వాడు. కానీ ఆ నవ్వు కండక్టరుకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"శనివారం మధ్యాహ్నం లోపు అది తనంతట తాను నీ షెడ్డు దాటుతుంది. దాటకపోతే నువ్వే ముక్కలు చేసుకో," అన్నాడు.

మర్నాడే డిపోలో పనిచేసే మెకానిక్కును పిలిపించాడు. అతను బానెట్టు ఎత్తి, పడుకుని కింద చూసి, పైపులన్నీ తడిమి, మెచ్చుకోలుగా తలాడించాడు. "పెద్దాయన ఏమీ మిగల్చలేదు బాబాయ్. నూనె పోసి, బ్యాటరీ పెడితే చాలు."

"మిగిల్చాడు. ఎక్కడో ఒక నట్టు వదులుగా ఉంది. అది దొరికే దాకా బండి కదలదు."

"ఏ నట్టు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

మెకానిక్కు అతని వంక చూసిన చూపులో, పెద్దవయసులో స్నేహితుడు పోతే మనుషులు ఇలాగే అవుతారు పాపం అన్న భావం స్పష్టంగా కనిపించింది. కండక్టరు పట్టించుకోలేదు. ఆ వదులు నట్టు బ్రేకుదో, స్టీరింగుదో అయితే? రోడ్డు మీద ఊడితే? బండి నడపబోయేది డ్రైవరు కూతురు. అంబులెన్సు నడిపే పిల్ల, ఆదివారాలు డ్యూటీ దిగి తిన్నగా షెడ్డుకు వచ్చేది. "నాన్న బండి నేను తీస్తాను బాబాయ్," అని తనంతట తానే అన్నది. తండ్రి వదిలిన నట్టుకు ఆ పిల్ల బలి కావడానికి వీల్లేదు.

అలా అరవై ఆరేళ్ళ వయసులో కండక్టరు మొదటిసారి సుద్దగీత దాటాడు. "లోపలికి వస్తున్నా గురూ, తిట్టుకుంటే తిట్టుకో," అని పైకే అన్నాడు. స్పానర్ల సైజులు తెలియవు, ఒక్కో నట్టుకు నాలుగైదు పెట్టి చూస్తే గానీ ఒకటి పట్టేది కాదు. బిగుతుగా ఉన్న నట్టు మీద సుద్దతో చుక్క పెట్టుకుంటూ పోయాడు. చక్రాలు అయ్యాయి, బ్రేకు పైపులు అయ్యాయి. ఇంజను చుట్టూ ఎన్ని చుక్కలు పడ్డాయంటే, దానికి ఆటలమ్మ పోసిందని డ్రైవరు కూతురు నవ్వింది. మోకాళ్ళు కదుం కట్టాయి. భార్య రోజూ వేడినీళ్ళు కాచి పెడుతూ, "ఆయన ఉన్నప్పుడు ఇద్దరు పిచ్చివాళ్ళు, ఇప్పుడు ఒక్కడే, అంతే తేడా," అని సణిగేది. సణుగుతూనే మర్నాటికి బట్టలు ఉతికి సిద్ధం చేసేది.

డ్రైవరు భార్య షెడ్డుకు రాలేదు. ఆవిడ చేసింది వేరే. ఒకరోజు ఇద్దరు కూలీలను పెట్టి, తన పెరటి ప్రహరీ గోడను బస్సు పట్టేంత మేర కూలగొట్టించింది. "బండి వస్తే పెట్టడానికి చోటుండాలి కదా," అని కండక్టరుకు కబురు పంపింది. వదిన నోటితో చెప్పని మాట కూలిన గోడ చెప్పింది. ఇక వెనక్కి తగ్గే ప్రశ్నే లేదనుకున్నాడు.

శుక్రవారం ఇంజను మొదలైంది. నల్లటి పొగ షెడ్డంతా నింపి, దగ్గి, తూలి, చివరికి పాత గొంతుతోనే పలికింది. మెకానిక్కు చప్పట్లు కొట్టాడు. కండక్టరు ముఖం మాత్రం వెలగలేదు. ముందు సగంలో చుక్క లేని నట్టు ఒక్కటీ లేదు. అయినా వదులుది దొరకలేదు.

శనివారం పొద్దున్నే తుక్కు లారీ వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. ఒకడు గొలుసు పట్టుకుని దిగాడు. కండక్టరు బస్సు ముందు నిలబడి చేతులు చాచాడు.

"గొలుసు బండికి తగిలిందో, మర్యాదగా ఉండదు."

డ్రైవరు తమ్ముడు తల పట్టుకున్నాడు. "అన్నా, నేను తీసుకుపోతానంటే వద్దంటావు. నువ్వు తీసుకుపో అంటే నట్టు దొరకలేదంటావు. బండి స్టార్టయింది కదా, ఇంకా ఆపుతున్నది నువ్వే!"

అది నిజమే. నిజం కాబట్టే కండక్టరు చాచిన చేతులు దించాడు.

బస్సు లోపల నుంచి డ్రైవరు కూతురు పిలిచింది. "బాబాయ్, నాన్న ముందు సగంలో ఏమీ వదల్లేదు. నువ్వే కదా అంతా చూశావు."

"వెనక సగంలో ఆయన చెయ్యి పెట్టడమ్మా. అది నాది."

"సరే, ఐదు నిమిషాలు కూర్చుని ఊపిరి తీసుకో. నీ సీట్లో కూర్చో. తర్వాత మళ్ళీ వెతుకుదాం, నేనూ వస్తా."

అతను వెనక తలుపు ఎక్కాడు. నాలుగు నెలల కిందట రంగు పడకుండా పాత దుప్పటి కప్పిన తన ఒంటి సీటు అలాగే ఉంది. ఒప్పందం గుర్తొచ్చినా కాళ్ళలో ఓపిక లేదు. దుప్పటి లాగేసి కూలబడ్డాడు. కూలబడుతూ ఉండగానే తట్టింది. ఈ సీటుకు నట్లు లేవు! నేలలోంచి పొడుచుకొచ్చిన నాలుగు బోల్టుల్లోకి సీటు కాళ్ళు దించాడే గానీ, ఆ సైజు నట్లు డబ్బాలో లేక, రేపు కొనుక్కొద్దామని వదిలేశాడు. ఆ మధ్యాహ్నమే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ముందు సగంలోని నట్లన్నీ తడిమి చూసి, తన సీటుకు అసలు నట్లే లేవన్న సంగతి మర్చిపోయాడు.

పక్క కడ్డీని పట్టుకోబోయాడు. పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. సీటు కదల్లేదు.

వంగి చూశాడు. నాలుగు కొత్త నట్లు, నాలుగింటి చుట్టూ నూనె వేళ్ళ మరకలు. మొదటిది తిప్పాడు, బిగుతు. రెండోది బిగుతు. మూడోదీ బిగుతే. నాలుగోది వేలు పెట్టగానే తిరిగింది.

"గీత దాటాడమ్మా, దొంగ!" అని అరిచాడు. నాలుగు నెలలుగా రాని ఏడుపు ఆ నట్టు మీద పడి వచ్చింది. కండక్టరు లేనప్పుడు అతని సీటు బిగించి, పొద్దున అతన్ని ఏడిపిద్దామనుకున్నాడు ఆ మనిషి. పొద్దున వద్దామనే అనుకున్నాడు.

డ్రైవరు కూతురు స్పానరు తెచ్చి ఇచ్చి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. కండక్టరు నట్టును బిగించాడు. మళ్ళీ బిగించాడు. ఇక తిరగనన్న తర్వాత కూడా ఇంకోసారి లాగాడు.

"రేపటికేమీ మిగల్చను గురూ," అన్నాడు. "నువ్వు రాలేదు. నేను వచ్చాను."

ముఖం తుడుచుకుని ఫుట్‌బోర్డు మీదికి వచ్చాడు. గేటులో లారీ, లారీ పక్కన గొలుసు మనిషి, అతని పక్కన డ్రైవరు తమ్ముడు, ముగ్గురూ దారికి అడ్డంగా ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ గొంతుతో అరిచాడో ఆ గొంతుతోనే అరిచాడు.

"జరగండి! ఇంకా జరగండి!"

డ్రైవరు తమ్ముడే ముందు జరిగాడు. లారీని కూడా వెనక్కి తీయమని చెయ్యి ఊపాడు. కండక్టరు లోపలికి వెళ్ళి తన సీట్లో కూర్చుని, జేబులోంచి విజిలు తీసి రెండుసార్లు ఊదాడు. బస్సు కదిలింది.