జయరత్నం చూసిన దెబ్బలు

జిల్లా బోర్డు నడిపే పుంగనూరు లోకల్ ఫండ్ ఆస్పత్రిలో డ్రెస్సరుగా ఉన్న జయరత్నం ఒకచోట కుదురుగా కూర్చోలేడని అందరికీ తెలుసు. రోగికి కట్టు కట్టి లేస్తే వాకిట్లో నాలుగుసార్లు తిరిగితే గానీ ఇంకో పని ముట్టుకోడు. భోజనం దగ్గర సగంలోనే చెయ్యి కడిగేసేవాడు. భార్య మణెమ్మ మొదట్లో ఎందుకని అడిగేది, తర్వాత మానేసింది. కారణం ఆమెకు తెలుసు.

అతను మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి పక్కనే పుట్టి పెరిగాడు. పదిహేడో ఏట అక్కడే పనికి చేరి గాయాలు కడగడం, కట్లు కట్టడం నేర్చుకున్నాడు. చనిపోయినవాళ్లకు స్నానం చేయించి బంధువులకు అప్పగించే పని కూడా అతనిదే. ఆ పనిలో ఒక సంగతి గమనించాడు. వెల్లకిలా పడుకోబెట్టిన శవానికి కొన్ని గంటలకు వీపు ఊదారంగుకు తిరుగుతుంది. కిందికి అదుముకున్న భుజాలు, పిరుదులు మాత్రం తెల్లగా ఉండిపోతాయి. జ్వరంతో పోయినా, కాన్పులో పోయినా అంతే. ఆగిపోయిన నెత్తురు కిందికి దిగడమే అది, దెబ్బ కాదు.

1941లో అతను కుప్పం లోకల్ ఫండ్ ఆస్పత్రిలో చేరాడు. ఆ ఎండాకాలం రామకుప్పం వైపు నుంచి చిన్నస్వామి అనే రైతు భార్య శవాన్ని పోలీసులు బండిలో తెచ్చారు. ముందురోజు మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారని, తెల్లారేసరికి ఆమె చనిపోయి ఉందని ఇరుగుపొరుగు చెప్పారట. డాక్టరు తాత్కాలికంగా వచ్చినవాడు, ఎండ ముదరకముందే పని ముగించాలని తొందరపడ్డాడు. వీపు మీది ఊదామచ్చలను కర్రదెబ్బలని రాసేశాడు. దెబ్బే అయితే ఆ చోట కోసినప్పుడు నెత్తురు కండలో గడ్డకట్టి ఉంటుంది, కడిగినా పోదు. డాక్టరు కోసి చూడలేదు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు జయరత్నమే ఒకచోట కత్తితో గాటు పెట్టి చూశాడు. నెత్తురు పలచగా కారింది, తుడిస్తే పోయింది. మాట నోటిదాకా వచ్చింది. డ్రెస్సరు డాక్టరుకు చెప్పడమేమిటని ఆగిపోయాడు.

డాక్టరు రాసినదాని మీదే చిన్నస్వామికి ఏడేళ్లు శిక్ష వేశారు. రెండో ఏడు జైల్లోనే విరేచనాలు పట్టుకుని చనిపోయాడు. కబురు తెలిసిన వారం జయరత్నం రామకుప్పం వెళ్లాడు. చిన్నస్వామి తల్లి ఇందిరమ్మ రాగులు చెరుగుతోంది. ఆ రోజు తాను చూసిందంతా ఆమెకు చెప్పాడు.

"ఆ పొద్దు ఎందుకు చెప్పలేదప్పా?" అంది ఆమె.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చేట అందుకుని మళ్లీ చెరగసాగింది. అతను వచ్చిన దారినే తిరిగి వచ్చి, ఊరు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. పుంగనూరు ఇచ్చారు. అక్కడా మనసు నిలవలేదు.

1944లో ఒక ఉదయం హెడ్ కానిస్టేబులు చౌడేపల్లె దగ్గరి ఆసామి ఒకరి జీతగాడు గురప్పను ఆస్పత్రికి తీసుకొచ్చాడు. ముందురోజు మధ్యాహ్నం కళాయి పని చేసే మొయినుద్దీన్ గురప్పను కర్రతో చితకబాదాడని ఫిర్యాదు. మొయినుద్దీన్‌ను అప్పటికే ఠాణాలో కూర్చోబెట్టారు. గురప్ప రొమ్ము మీద, ఎడమ చేతి మీద నల్లటి మచ్చలున్నాయి. కొత్త డాక్టరు సుబ్రమణ్యం మద్రాసులో చదివి వచ్చినవాడు. కాగితం తీసుకుని రాయబోయాడు.

జయరత్నం గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"ఇప్పుడే రాయొద్దండి సార్. ఇవి దెబ్బలు కావు," అన్నాడు.

హెడ్ కానిస్టేబులు నవ్వాడు. డాక్టరు ముఖం ఎర్రబడింది, కానీ కలం కింద పెట్టాడు. జయరత్నం వేలు పెట్టి చూపించాడు. మచ్చల అంచుల్లో చిన్న చిన్న పొక్కులున్నాయి. గురప్ప వచ్చినప్పటి నుంచి గోక్కుంటూనే ఉన్నాడు. కుడిచేతి వేళ్లకూ, గోళ్లకూ అదే నలుపు. చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టే జీడిగింజ రసం అది. ఒంటికి రాస్తే కమిలినట్టు నల్లబడి పొక్కుతుంది. తన చేత్తో రాసుకున్నాడు గనక చెయ్యి అందినంత మేరకే మచ్చలున్నాయి.

అయితే వీపు చూద్దామంటే గురప్ప తిరగనన్నాడు. నిలబడిన తీరులోనే నొప్పి తెలుస్తోంది. డాక్టరు హెడ్ కానిస్టేబుల్ని బయట నిలబడమన్నాడు. చొక్కా విప్పి చూస్తే వీపు మీద మూడు చోట్ల జంటగీతలు, గీతల మధ్య చర్మం మామూలుగానే ఉంది. కర్ర గట్టిగా తగిలినచోట అలాగే పడుతుంది. అవి నిజం దెబ్బలే. కానీ రంగు అప్పటికే ఆకుపచ్చ దాటి పసుపుకు తిరిగింది. నిన్నటి దెబ్బ ఆ రంగుకు రాదు, వారమైనా పడుతుంది.

"ఎవరు కొట్టినారప్పా?" అని జయరత్నం మెల్లగా అడిగాడు.

గురప్ప చొక్కా అందుకున్నాడు. "మా ఆసామి మనుషులు. సాయిబు మీద కేసు పెట్టమన్నారు. నేను పెట్టనంటే కొట్టినారు. మళ్లీ కొడతారని ఒప్పుకుంటి. జీడిరసం రాసుకోమన్నదీ వాళ్లే," అన్నాడు.

మొయినుద్దీన్‌కు చౌడేపల్లె దారిలో బావి ఉన్న తోట ఒకటి ఉంది. ఆసామి కన్ను దాని మీద ఉంది. కేసుకు భయపడి అతను ఊరు వదిలిపోతే తోట దక్కుతుందని ఎత్తు.

డాక్టరు రెండు రకాల మచ్చలనూ వేరువేరుగా, వాటి వయసుతో సహా రాశాడు. గురప్ప మేజిస్ట్రేటు ముందు అదే మాట చెప్పాడు. మొయినుద్దీన్‌ను వదిలేశారు. కొట్టిన ఇద్దరికీ జైలు పడింది, ఆసామి మాత్రం తనకేమీ తెలియదని తప్పించుకున్నాడు. గురప్ప ఇక ఆ ఊళ్లో ఉండలేక పెళ్లాంతో కోలారు గనుల వైపు వెళ్లిపోయాడు.

రెండు నెలలు తిరక్కుండానే జయరత్నానికి కలికిరికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆసామి పైవాళ్లను పట్టుకుని చేయించాడని ఊరంతా అనుకున్నారు. సుబ్రమణ్యం తాను పైకి రాస్తానన్నాడు. జయరత్నం వద్దన్నాడు.

మణెమ్మ సామాను బండికెక్కిస్తూ, ఈసారన్నా మనసు కుదుటపడిందా అని అడిగింది.

"లేదు మణెమ్మా. రామకుప్పం ఆయమ్మ అడిగింది అడిగినట్లే ఉండాది," అన్నాడు.

బండి కదిలాక కూడా లోపల కూర్చోలేకపోయాడు. దిగి, ఎద్దుల పక్కన నడవడం మొదలుపెట్టాడు.