డియోలిందా అమ్మమ్మ ఎర్ర చుక్క

డియోలిందా అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పి ఎన్నేళ్ళ నాటిదో గుర్తుండదు. లెస్టర్ తనను అవమానించింది మాత్రం 1976 జనవరి పన్నెండు, సోమవారం, పొద్దున తొమ్మిదింపావుకని ఇప్పటికీ చెబుతుంది.

అప్పటికామెకు నలభై రెండేళ్ళు. ఇంకా అమ్మమ్మ కాలేదు గానీ పగపట్టడంలో అప్పటికే ముదురు. శాన్ హోసేలో పండ్ల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడ్డాక, సన్నీవేల్‌లో టీవీకి తగిలించే ఆటపెట్టెలు చేసేచోట చేరింది. తెర మీద రెండు తెల్లగీతలు, మధ్యలో ఒక చుక్క. చెరో పిడి తిప్పుతూ చుక్కను అవతలికి కొట్టాలి. అంతే ఆట. దానికోసం ఆ క్రిస్మస్‌కు జనం దుకాణాల ముందు బారులు తీరారు.

"బంతీ లేదు, బ్యాటూ లేదు, వీళ్ళకిదేం పిచ్చే?" అనేది పక్క కుర్చీలోని ఇదలీనాతో. ఆటంటే చులకనే గానీ, పెట్టె లోపలి బోర్డుకు తీగలు అతుకుతూ ఆమె వేసిన టంకం మాత్రం అద్దంలా మెరిసేది.

టంకం వేసినవాళ్ళు బోర్డు మూలన తమ రంగు చుక్క పెట్టాలి. అమ్మమ్మది ఎరుపు. కంపెనీ సిరా స్పిరిట్ తగిలితే చెరిగిపోతుందని, ఆమె ఎవరికీ చెప్పకుండా తన గోళ్ళరంగే పెట్టేది. చేసిన పని మీద తన గుర్తు లేకపోతే ఆమెకు అన్నం సయించదు.

పండగ వెళ్ళాక చెడిపోయిన పెట్టెలు గుట్టలుగా తిరిగొచ్చాయి. ఆ సోమవారం సూపర్‌వైజర్ లెస్టర్ పాతిక బోర్డులు తెచ్చి, అరవైమంది ఆడవాళ్ళు చూస్తుండగా ఆమె బల్ల మీద గుమ్మరించాడు. అన్నిటి మీదా ఎర్ర చుక్కలే.

"చూసుకో తల్లీ నీ చేతిపని. పండ్లు డబ్బాలో కూరడమనుకున్నావా?"

"ఇవి నావి కావు."

"చుక్క నీదేగా? లే. ఇవాళ్టి నుంచి వెనకగదిలో కూర్చుని తిరిగొచ్చిన పెట్టెలు విప్పు."

సాయంత్రానికల్లా ఆమె కుర్చీలోకి, చివరి బల్ల దగ్గరుండే లెస్టర్ మరదలు కార్లీన్ వచ్చి కూర్చుంది. ఇదలీనా ఏడ్చింది. అమ్మమ్మ ఏడవలేదు.

"ఏడిస్తే కడుపుమంట చల్లారిపోతుందే. నాకిప్పుడు మంటే కావాలి."

లెస్టర్ చేసిన తప్పల్లా ఆమెను సరిగ్గా ఆ గదిలోనే పారేయడం. వారం తిరక్కుండానే, ఒక బోర్డు తుడుస్తుంటే ఎర్ర చుక్క కాస్తా స్పిరిట్ దూదికి అంటుకుని వచ్చేసింది. కింద, ఎవరో తుడిచేసినా పోకుండా బోర్డులోకి ఇంకిన నీలం మరక. నీలం కార్లీన్ రంగు.

"పద అక్కా, ఇప్పుడే పైవాళ్ళకు చెబుదాం" అంది ఇదలీనా.

"వాడు నన్ను దింపింది అరవైమంది ముందు. వాడికీ ఆ అరవైమందీ కావాలి."

మార్చి దాకా ఆగింది. ఈలోగా ప్రతి ఆదివారం చర్చిలో మోకరిల్లి ఏం కోరుకునేదో ఆ పరిశుద్ధాత్మకే తెలియాలి. మంచి మాత్రం కాదు.

మార్చిలో లెస్టర్‌కు ప్రమోషన్ వచ్చింది. క్యాంటీన్లో కేకు పెట్టారు, టీవీ పెట్టారు. యజమాని హగోపియన్ గారు స్వయంగా లెస్టర్‌తో ఆటకు దిగారు. ఆటపెట్టె తెచ్చే పని వెనకగదిది. సరిగా అతకని టంకం వేడెక్కితే విడిపోతుందని అమ్మమ్మకు తెలుసు. నీలం మరకలున్న పెట్టె ఒకటి ఏరి, గంటసేపు కాఫీ మరిగే పాత్ర పక్కన పెట్టి మరీ తెచ్చింది. ఈ సంగతి ఫాదర్ గారి దగ్గర ఈనాటికీ ఒప్పుకోలేదు. మనవల దగ్గర మాత్రం గొప్పగా చెబుతుంది.

పద్నాలుగు, పద్నాలుగు. ఆఖరి పాయింటు. లెస్టర్ పిడి తిప్పాడు. తెల్లగీత కదల్లేదు. తెర మీది చుక్క దర్జాగా దాటిపోయింది.

"దరిద్రపు పెట్టె! ఇది ఆ డియోలిందా చేసిందే అయ్యుంటుంది సార్, చూడండి!" అంటూ తనే విప్పి చూపించాడు. ఎర్ర చుక్కే.

అమ్మమ్మ జేబులోంచి స్పిరిట్ సీసా, దూది తీసి యజమాని ముందు పెట్టింది.

"తుడవండి సార్."

తుడిచారు. ఎరుపు పోయింది, నీలం తేలింది. అమ్మమ్మ తన అసలు బోర్డొకటి అందించింది.

"ఇదీ తుడవండి. గట్టిగా."

ఎంత రుద్దినా చుక్క చెక్కుచెదరలేదు. అరవైమందీ ఒక్కసారే కార్లీన్ వైపు తిరిగారు.

"నేను కాదు, బావే పెట్టాడు!" అని ఆమె ఒక్క అరుపు.

హగోపియన్ గారు దూది పారేసి అమ్మమ్మ వైపు తిరిగారు. "నీ కుర్చీ నీకిస్తానమ్మా. వీణ్ణి ఇప్పుడే ఇంటికి పంపేస్తాను."

"వద్దు సార్. ఎక్కడికో పోతే నాకు కనిపించేదెలా? వెనకగది ఖాళీయే కదా."

యజమానికి నవ్వొచ్చింది. సరేనన్నారు.

పదహారు నెలలు లెస్టర్ ఆ గదిలో పెట్టెలు విప్పాడు. అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం తన కుర్చీలోంచి లేచి, తీపి రొట్టె నములుతూ వెళ్ళి గుమ్మంలో నిలబడేది.

"ఇవాళ ఎర్ర చుక్కలెన్ని లెస్టర్ గారూ?"

"ఒక్కటీ లేదమ్మా."

"సరిగ్గా చూశారా? స్పిరిట్ పెట్టి తుడిచారా?"