అమ్మ ముక్కుపుల్ల రాయి

దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి పోయే మనిషిని. నర్సుగా పని చేసినన్నేళ్లూ చావులు చూశాను. శవాల పక్కన ఒంటరిగా కూర్చున్నాను. ఒక్కరూ లేచి రాలేదు, ఒక్కరూ పిలవలేదు. తాయెత్తు కట్టించుకోలేదు, దిష్టి తీయించుకోలేదు. ఈ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు. చెప్పబోయిన ప్రతిసారీ కోపం అడ్డొచ్చేది.

ఇది అరవైల మొదట్లో జరిగింది. మాది కట్టంగూర్. బాపుకు రోడ్డు మీద బట్టల దుకాణం ఉండేది. అమ్మది నేతపని చేసే కుటుంబం. ఎప్పుడో అమ్మ ముత్తాత నేసిన పట్టుచీర నచ్చి, గడీలోని దొరసాని తన ముక్కున ఉన్న వజ్రపు ముక్కుపుల్ల తీసి ఇచ్చిందట. అప్పటినుంచి అది తల్లి చేతి నుంచి బిడ్డ చేతికి వస్తోంది. రాయి జొన్నగింజంత ఉంటుంది. ఇప్పటి వజ్రాల్లా తీరైన చెక్కుడు కాదు, ఒక పక్క కాస్త వంకర. అయినా అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే నిప్పు వెలుగంతా దాని మీదే ఉన్నట్టుండేది.

అమ్మకు ఆయాసం. ఒకసారి ఊపిరి పొడుగ్గా లాగేది, ఆగేది, ఆ తర్వాత వెంటవెంటనే రెండుసార్లు పొట్టిగా వదిలేది. నేను పక్కన కూర్చుని వీపు రుద్దేదాన్ని. అట్లా ఎన్ని రాత్రులు గడిచాయో. ఆ ఊపిరి నాకు కంఠతా వచ్చేసింది.

నాకు పదిహేనేళ్లున్నప్పుడు, చలికాలంలో, నల్లగొండ దవాఖానలో అమ్మ పోయింది. ఇంటికి తెచ్చి స్నానం చేయించేటప్పుడు మా మేనత్త, అంటే బాపు అక్క, ముక్కుపుల్ల విప్పింది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, "ఇది నీదే బిడ్డా. నీ లగ్గం నాటికి నీ చేతుల పెడ్త. అందాక నా తాన భద్రంగ ఉంటది" అంది.

ఎండాకాలం వచ్చేసరికి బాపుకు సంబంధం కుదిరింది. చౌటుప్పల్ పిల్ల, పేరు సుగుణ. తండ్రి లేడు. మిషన్ కుట్టి తల్లిని సాకుతోందట. కుదిర్చింది మేనత్తే. మగవాడు మళ్లీ పెళ్లి చేసుకోవడం మా దగ్గర వింత కాదు, నా కోపం దానికి కాదు. అమ్మ సంవత్సరీకం కూడా కాలేదు. అదీ మింగాను.

ఒకరోజు పొద్దున బాపు, "అనసూయా, చెప్పులేసుకో. అవుసలాయన తానికి పోయొద్దాం" అన్నాడు.

నా ముక్కు కుట్టించి, అమ్మ ముక్కుపుల్ల పెట్టిస్తాడనుకున్నాను. నిజం చెప్తున్నాను, దారంతా ముక్కు తడుముకుంటూ నడిచాను.

కంసాలి ఒక చిన్న డబ్బా తెరిచి బాపు ముందు పెట్టాడు. లోపల ఉంగరం. ముక్కుపుల్ల ఎప్పుడో కరిగిపోయింది. అమ్మ రాయి ఉంగరంలో కూర్చుంది. పూలుపండ్ల నాడు, అదే నిశ్చితార్థం నాడు, పెళ్లికూతురికి ఉంగరం తొడగడం అప్పుడప్పుడే పట్నం నుంచి మా వైపు వస్తున్న మోజు. బాపుకు ఆ మోజు కావాలి. కొత్త రాయి కొనడం మాత్రం వద్దు.

"సుగుణ వేలు నీ వేలంతనే ఉంటదన్నది మీ అత్త. జర తొడుక్కో, సూద్దాం" అన్నాడు.

"గిది అమ్మది."

"ఇంట్ల ఉన్న రాయి. ఊకె పెట్టెల పడి ఉంటే ఏం ఫాయిదా?"

"నాకిస్తనన్నది అత్త."

"నీకు కొత్తది కొంట తియ్. వేలు సాపు."

నేను చాపలేదు. ఆయనే నా మణికట్టు పట్టుకుని ఉంగరం ఎక్కించాడు. కన్నకూతురి వేలు ఆయనకు కొలకర్రలా పనికొచ్చింది.

అప్పుడు రాయి తెల్లబడింది. అద్దం మీద నోటితో ఊదితే ఎట్లా మసకబారుతుందో, అట్లా. కంసాలి ఉంగరం తీసి తుడిచాడు. మెరిసింది. మళ్లీ నా వేలికి పెట్టాడు. మళ్లీ మసక.

బాపు ఒక్క ఉదుటున లేచాడు. "రాయి మార్చినవ్! అసలు వజ్రం మీద ఆవిరి నిలుస్తదా?"

"నీ కండ్లముందట్నే తీసి పెట్టిన గద సేటు! నా బిడ్డల మీద ఒట్టు." ఆ ముసలాయన పగిలిన అద్దం ముక్క తెచ్చి, ఉంగరంతో దాని మీద గీత పెట్టాడు. అద్దం కోసుకుపోయింది. రాయి అసలుదే. బాపు నా మణికట్టు పట్టుకుని ఉంగరం మళ్లీ ఎక్కించాడు.

రోళ్లు పగిలే ఎండలు. పక్కనే కుంపటి మండుతోంది. మంచు లేదు, తేమ లేదు. నేను చెయ్యి ఎంత దూరం చాపగలనో అంత దూరం చాపాను. ఊపిరి బిగబట్టాను. ఎవరూ దాని దగ్గర నోరు పెట్టలేదు. అయినా ఆవిరి వచ్చింది, పోయింది. నింపాదిగా ఒకసారి వచ్చింది. ఆగింది. తర్వాత వెంటవెంటనే రెండుసార్లు.

"బాపూ, అమ్మ ఊపిరే" అన్నాను.

నా మణికట్టు మీద ఉన్న ఆయన చెయ్యి జారిపోయింది. ఆయన చూశాడు. అమ్మ పక్కన అన్నేళ్లు పడుకున్న మనిషికి ఆ ఊపిరి తెలియకుండా ఉంటుందా? నాకు ఇప్పటికీ మండేది ఇక్కడే. చూసి కూడా, "ఉక్కపోత" అని ఒక్క మాట అనేసి, ఉంగరం డబ్బాలో పెట్టించి జేబులో వేసుకున్నాడు.

పూలుపండ్లకు నేను రానన్నాను. మేనత్త జబ్బ పట్టి లాక్కెళ్లింది. చౌటుప్పల్‌లో వాళ్ల ఇంటి ముందు పందిరి వేసి జంబుఖానా పరిచారు. పట్టపగలు, పందిరి నిండా జనం. సుగుణ నా కంటే ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. నన్ను చూసి నవ్వి పక్కకు రమ్మంది. నేను పోయి ఆమె వెనక నిలబడ్డాను. నోరు తెరిస్తే ఏడుస్తానని పళ్లు బిగించుకున్నాను.

మేనత్త ఉంగరం తొడిగింది. ఆడవాళ్లంతా మూగారు. నాకు ఆ రాయి కనబడలేదు.

సుగుణ ఉలిక్కిపడింది. "ఎవరిది గిది?" అంది.

"నీదే బిడ్డా, ఇంకెవరిది? హైద్రాబాద్‌ల చేయించినం" అంది మేనత్త.

సుగుణ ఆమె మాట వినిపించుకోలేదు. అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఎవరిదే?" అని మళ్లీ అడిగింది.

"మా అమ్మది" అన్నాను. ఒక్కసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. "మా అమ్మ ముక్కుపుల్ల రాయి. నాకియ్యాల్సింది. కరగబెట్టిన్రు."

మేనత్త నా నోరు మూయబోయింది. సుగుణ ఆ చెయ్యి పక్కకు నెట్టింది. "మీ అమ్మ పోయి ఎన్నొద్దులాయె?"

"మొన్న చలికాలంల."

"మూడేండ్లాయె అన్నరు గద నాతోని!" ఆమె లేచి నిలబడి ఉంగరం లాగింది. కణుపు దగ్గర చర్మం గీసుకుపోయినా ఆగకుండా లాగేసి, నా అరచేతిలో పెట్టి పిడికిలి మూసింది. ఆ తర్వాత బాపు వైపు తిరిగింది. "నీ పెండ్లాం ముక్కుది నా వేలికి తొడుగుతవా? నాకు జెప్పినవా? గీ పిల్లనన్న అడిగినవా? లే. మీ పండ్లు మీరు తీస్కపోన్రి."

వాళ్ల పెద్దనాయిన సర్దిచెప్పబోయాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

బస్సు దిగేచోట, నలుగురూ చూస్తుండగా, బాపు నన్ను కొట్టాడు. "తే ఉంగరం" అన్నాడు. "చెయ్యి నరికి తీస్కో" అన్నాను. పిడికిలి విప్పలేదు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు లేచి వస్తుంటే సిగ్గుపడి వదిలేశాడు. మరుసటి ఏడు మర్రిగూడ నుంచి పిన్నిని చేసుకొచ్చాడు. ఆమెకు ఏ ఉంగరమూ తొడగలేదు.

ఆ రాయి మళ్లీ ఎన్నడూ మసకబారలేదు. ఎన్నోసార్లు వేలికి పెట్టుకుని చూశాను. కావాలని ఊదినా కంటిరెప్ప వేసేంతలో ఆవిరి మాయమయ్యేది, అన్ని వజ్రాల మీదలాగే. ఆవిరి ఉక్కపోతదే అయ్యుంటుంది, అందులో అమ్మ ఊపిరి చూసింది మాత్రం దుఃఖంలో ఉన్న పిల్ల కళ్లు అనుకున్నాను. నర్సు పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆ మాట దాదాపు నమ్మాను కూడా.

కొన్నేళ్లకు హైదరాబాద్ నుంచి ఇంటికి వస్తుంటే, బస్సులో ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. సుగుణ. చంకలో పిల్లవాడు. నన్ను వెంటనే గుర్తుపట్టింది. మంచీ చెడూ అయ్యాక, ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఆ పొద్దు రాయి మీద ఆవిరి నువ్వు గూడ సూసినవ్ గద? అందుకే గద, ఉంగరం ఎవరిదని అడిగినవ్?"

ఆమె అయోమయంగా చూసింది. "ఏం ఆవిరి? నేను రాయిని సరిగ సూడనే లేదు. ఉంగరం గురించి ఎక్కడడిగిన?"

"మరి?"

"నా చెవికాడ ఎవరో ఆయాసపడ్డరే. వేడి గాలి చెంపకు తగిలింది. నువ్వే అనుకున్న. మర్లి సూస్తే నువ్వేమో నోరు గట్టిగ మూసుకొని నిలబడ్డవ్. గా ఊపిరి ఎవరిదని అడిగిన నేను."

"ఎట్లుండె అది?"

సుగుణ కాసేపు గుర్తు చేసుకుంది. పొడుగ్గా ఒకసారి లాగింది. ఆగింది. వెంటవెంటనే రెండుసార్లు పొట్టిగా వదిలింది.

ఆమె మా అమ్మను ఎన్నడూ చూడలేదు. ఆ ఊపిరి సంగతి ఆమెకు ఎవరు చెప్తారు? నేను చెప్పలేదు. మేనత్త చెప్పదు. రోగాల గురించి, ఊపిరితిత్తుల గురించి నేను చదువుకున్నదేదీ దానికి అక్కరకు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పిన్ని ఊళ్లో లేదు. బాపు అప్పుడే దుకాణం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సంచి దించకుండానే, సుగుణ చెప్పిందంతా చెప్పాను. "నువ్వు గూడ ఇన్నవా బాపూ?" అని అడిగాను.

ఆయన కడిగిన కాళ్ల మీదే మళ్లీ చెంబు ఒంపాడు. ఆ తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, పీట లాక్కుని కూర్చుని, "అన్నం పెట్టు" అన్నాడు.

ఆ పూట నేను వడ్డించలేదు.