కత్తెర నా చేతికిచ్చిన బావ

నా రాత కోడి గెలికినట్టుంటుంది. తప్పులూ ఉంటాయి. ఊరి బళ్ళో అయిదో తరగతితో ఆపినవాణ్ణి, చదివేవాళ్ళు మన్నించాల. మా అక్క మొగుడు, మా బావ, పోయిన నెల ఆళ్లగడ్డలో చనిపోయినాడు. విమానంలోంచి కొన్ని వందల తూర్లు దూకిన మనిషి. నీళ్ళ తొట్టి కాడ కూలబడి, ఒక పక్క పడిపోయి, నాలుగు నెలలు మంచంలో ఉండి పోయినాడు.

మంచివాడని రాయమంది అక్క. అట్ల రాస్తే ఆయనే ఒప్పుకోడు.

మిలిటరీలో పారాచూట్ దళంలో చేసి, తొంభైల్లో రిటైరై ఊరికొచ్చినాడు. కర్ణాటకలో దూకడం నేర్పే క్యాంపొకటి ఉంటే ఏడాదికి రెండు మూడు తూర్లు ఆడికి పోయేవాడు. పారాచూట్లు మడిచేది, కొత్తవాళ్ళకు నేర్పేది ఆయన పని. ఇంట్లో ఉన్నప్పుడు తన పారాచూటును వసారా పొడుగునా పరిచి మడిచేవాడు. ఒకసారి అక్క నీళ్ళ చెంబుతో దాని అంచు దాటింది. రెండు గంటల పనిని మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టినాడు. అది ముగిసేదాకా అక్కను అన్నం ముట్టనీయలేదు. "గుడ్డకు దయ లేదు, నాకెందుకుండాల?" అనేవాడు. ఆ మాట ఆయన నోట ఎన్ని తూర్లు విన్నానో.

నాది బస్టాండు వెనక దర్జీ అంగడి. బట్టలు తక్కువ. అహోబిలం పోయే జీపులకు టాపులు కుట్టేవాణ్ణి. నేను కుట్టింది గాలికి ఊడదని పేరు.

ఆరేండ్ల కిందట బావ కాడికి నంద్యాల నుంచి ఒక డ్రిల్లు టీచరమ్మ వస్తాండేది. పాతికేండ్లుంటాయి. క్యాంపులో అప్పటికే ముప్పై తూర్లు దూకింది. ఎవరో వాడి వదిలేసిన పాత పారాచూటు మూట ఒకటి సంపాదించుకొచ్చి, బావ ముందర పెట్టింది. దానితో కొత్త ఆట నేర్చుకుంటానంది. ఆకాశంలో నిటారుగా, తలకిందులుగా పడే ఆట. ఫ్రీఫ్లై అంటారంట. దాన్ని నేర్పే ఆయన ఆ నెల క్యాంపుకొస్తాండాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు.

బావ మూటను తిప్పి తిప్పి చూసినాడు. దాని అడుగున, నడుము కాడ, చిన్న సంచి ఉంటుంది. అందులో పిల్ల పారాచూటు. దాన్ని చేత్తో లాగి గాలికి వదిలితే అది పెద్దదాన్ని బయటికి లాగుతుంది.

"దీనితో వద్దు," అన్నాడు.

"మీది దీనికంటే పాతది గదా సార్? మీరు దూకుతాండారు."

"నేను బోర్లా పడతా, కప్ప మాదిరి. గాలి కడుపుకు తగులుతాది, వీపు మీద సామాను కదలదు. నువ్వనేది తలకిందుల ఆట. గాలి నాలుగు పక్కలా వేలు పెట్టి వెతుకుతాది. ఈ సంచి నోరు చూడు, పండ్లూడిన ముసల్దాని నోరు మాదిరుంది. ఆ వేగంలో పిల్లది దానంతటదే బయటికొస్తే పెద్దది ఒక్క కుదుపు కుదుపుతాది. మెడ ఇరుగుతాది."

"ఇంకో పారాచూటు ఉంది గదా సార్, అవసరానికి?"

"ఇరిగిన మెడకు ఇంకోటి ఎందుకు? కొత్త మూట దొరికేదాకా బోర్లానే పడు."

ఆమె మూట ఎత్తుకొని నేరుగా నా అంగడికొచ్చింది. "అన్నా, ఈ సంచి నోరు బిగిచ్చు. సార్‌కు చెప్పొద్దు." కాదనడం నాకు చేతకాదు. టాపులకు వాడే దారం రెండు పేటలు చేసి, మైనం పట్టించి, లోపల తోలు పట్టీ పెట్టి కుట్టినా. "ఇంక గాలికి ఊడదు టీచరమ్మా," అని గొప్పగా చెప్పినా. చేత్తో లాగినప్పుడు పిల్లది రావాలనే సంగతి నా బుర్రకు తట్టలేదు. జీపు టాపుకు ఆ అవసరం లేదు గదా.

క్యాంపుకు పోయే ముందర ఆదివారం బావ అందరి మూటలూ చూస్తాడు. దూలానికి కొక్కెం ఉంది. మనిషిని మూటతో సహా దానికి తగిలిస్తాడు. ఆ పొద్దు అక్క పిలిస్తే నేనూ పోయింటి.

"లాగు," అన్నాడు.

టీచరమ్మ లాగింది. రాలేదు.

"ఒగటి, రెండు, మూడు..." బావ లెక్కపెడతాండాడు. ఆమె రెండు చేతులా లాగుతాంది, అవసరానికుండే రెండోదాని జోలికే పోలేదు. "ఏడు. ఇండ్ల కప్పులు కనపడతాండాయి. ఎనిమిది. బావి కాడ గుడ్డలు ఉతికేటోళ్ళు కనపడతాండారు. తొమ్మిది. పది. సచ్చినావ్. దిగు."

దిగింది. చేతి వేళ్ళు గీరుకుపోయి ఉన్నాయి.

"ఎవురు కుట్టినారు?"

ఆమె నా దిక్కు చూడలేదు. "నంద్యాలలో కుట్టిచ్చుకుంటి సార్."

నా నోట్లో అక్క పెట్టిన ఓళిగ ముక్క ఉంది. మింగలేదు. మాట్లాడలేదు.

"రేయ్ బామ్మర్దీ, పోయి నీ కత్తెర తే."

తెచ్చినా. అప్పటికే బావ మూట విప్పి, పారాచూటును తాళ్ళతో సహా వసారాలో పరిచినాడు.

"తాళ్ళు కొయ్యి. ఒక్కొక్కటే. నిదానంగా."

"సార్, వద్దు సార్. బోర్లానే పడతా. సంచి తీసేపిస్తా."

"నువ్వింక ఎట్లా పడవు. నా గడప తొక్కొద్దు. క్యాంపుకు జాబు రాస్తా, ఆడ కూడా ఎక్కనీయరు."

కోసినా. నైలాను తాడు కత్తెరకు లొంగదు, నలిగి నలిగి తెగుతుంది. తెగినప్పుడల్లా బావ నా మొగం చూసి, "ఊఁ, ఇంకోటి," అన్నాడు. ఆఖరి తాడు దాకా అదే.

ఆ తర్వాత ఆరేండ్లు ఆయన తన చొక్కాలు మా అంగడికి ఎదురు అంగట్లో కుట్టించుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనడగలేదు.

మంచంలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, వంకర పోయిన నోటితో ఆయనే ఆ సంగతి ఎత్తినాడు. "నీ కుట్టు నాకు తెల్దా? మూడు కుట్లకొక ముడి ఏసేది నువ్వొక్కడివే."

"తెలిసి ఆయమ్మనెందుకు తరిమితివి బావా?"

"అబద్ధం చెప్పినాది. అది నన్ను మోసం చేసి దూకుతాది, నేను లెక్కపెట్టుకుంటా నిలబడాల్నా?" చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీకు తాడుకొక తూరి టైమిచ్చినా. నోరు తెరుస్తావేమోనని. తెరవలా."

ఆయన చెయ్యి పట్టుకున్నా. పనిచేసే చెయ్యే అది. వెనక్కి లాక్కున్నాడు.

ఆ టీచరమ్మ నేను కుట్టిన సంచితో ఆకాశంలోంచి రాలిపోలేదంటే అది ఆయన వల్లనే. నా చేతికి ఒక సావు అంటుకోలేదు, అదీ ఆయన వల్లనే. దాన్ని దయ అనను. ఆయనకు రుణపడి ఉన్నానని మాత్రం రాస్తాండా.

ఆమె ఇప్పుడు ఆ బళ్ళో లేదంట. యాడికి పోయిందో చెప్పేవాళ్ళు లేరు. అమ్మా, నీకు ఇది అందితే, కుట్టింది నేనే అని ఆ పొద్దు చెప్పాల్సింది. ఆయన పోయినాక చెప్తాండా.

తాళ్ళు కోసిన ఆ సాయంత్రం నేను సోడా అంగడి చాటున నిలబడి చూసినా. ఆమె బస్టాండు అరుగు మీద కూర్చొని, తెగిన తాళ్ళ కొసలు రెండేసి పట్టి ముడేస్తాంది, ముడేసి విప్పుతాంది. నంద్యాల బస్సొచ్చింది. మూట ఒళ్ళో పెట్టుకొని ఎక్కింది. తలుపు మూసేటప్పుడు ఒక తాడు బయటే ఇరుక్కుంది. బస్సు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా అది దుమ్ములో ఈడ్చుకుంటానే పోయింది.

ఆమె సంగతి తెలిసినవాళ్ళు ఒక కార్డు ముక్క రాయండి. నాకూ వయసైపోతాంది, బేగా రాయండి.